ఎటు పోతున్నవని అడగొద్దు

జలపతికి కోపమొస్తే ముందు చెవులు ఎర్రబడతాయి, తర్వాత మాట తడబడుతుంది. ఆ ఏడాది పొడుగునా ఆయన చెవులు ఎర్రగానే ఉన్నాయి.

కథలాపూర్‌లో సాలెల ఇంట పుట్టాడు. మగ్గం కడుపు నింపక బొంబాయి పోయి, రేవులో సరుకు పడవ మీద తాళ్లు లాగే ఖలాసీగా చేరాడు. తెరచాప విప్పుకుని మస్కట్ దాకా పోయే పెద్ద చెక్క పడవ అది. దాన్ని నడిపే నఖుదా ఒక మాటిచ్చాడు: మీ దిక్కు నుంచి ఇద్దరు గట్టి మనుషులను తీసుకురా, రాఖీ పున్నానికి వస్తే ఖలాసీలందరి మీదా నువ్వే సారంగువి. ఇన్నేళ్లూ ఎవడో కేక వేస్తే తాడు లాగిన మనిషికి, తన కేక మీద నలుగురూ లాగే రోజు. దానికంటే కావలసిందేముంది? ఊరికొచ్చాడు.

వచ్చింది మాత్రం కాని కాలంలో. అవి అన్నల రోజులు, అడవిలో నక్సలైట్లు, ఊళ్లలో పోలీసులు. పడుచువాళ్లను పక్కకు పిలిచి మాట్లాడేవాడి మీద అందరి కళ్లూ ఉండేవి.

సిరిసిల్లలో మరమగ్గాల సాంచాల మోత మధ్య లక్ష్మీరాజాన్ని దొరకబట్టాడు.

"బాయిల మంచిగ ఈదుత మామా," అన్నాడు వాడు.

"నడి సముద్రంల ఈదుకుంట ఏ ఒడ్డుకు పోతవ్‌రా? వాంతులకు ఓర్చుకుంటవా, గది చెప్పు."

"మా ఇంటామె వంట తినుకుంట బతుకుతలేనా!"

రుద్రంగిలో గంగారాం వేపచెట్టు చిటారుకొమ్మన కూర్చుని మేకలకు కొమ్మలు కొడుతున్నాడు. తెరచాప కొయ్య ఎక్కడానికి వీడే సరి అనుకున్నాడు జలపతి, కిందనుంచి చూసి.

ఇద్దరికీ ఒకటే చెప్పాడు: "ఎటు పోతున్నమో ఎవ్వలకు చెప్పొద్దు. బయలెల్లేటోన్ని ఎటు అని అడిగితే పోయిన పని కాదు."

ఆ దిక్కున ఇది తెలియనివాళ్లు లేరు. గంగారాం సద్దిమూటతో గడప దాటుతుంటే తల్లి నర్సవ్వ పెదవి కొరుక్కుంది గానీ అడగలేదు. "పైలం కొడుకా," అంది, అంతే.

ఆ రాత్రి కోరుట్లలో తలదాచుకుని, తెల్లారి ముగ్గురూ నిజామాబాద్ బస్సు కోసం నిలబడ్డారు. అక్కడినుంచి బొంబాయి రైలు. అంతలో రుద్రంగి బస్సు దిగిన, అదే ఊళ్లో బీడీలు చుట్టే జమున గంగారాంను చూసి నెత్తి కొట్టుకుంది.

"నువ్వీడ పల్లీలు బుక్కుతున్నవా? అన్నలల్ల కలిసినవని మీ అవ్వను ఠాణల కూసుండవెట్టిండ్రురా! కొడుకొస్తేనే ఇడుస్తరట!"

నర్సవ్వను ఎస్సై ఏమడిగాడో, ఆమె ఏం చెప్పిందో అప్పటికే ఊరంతటికీ తెలిసింది.

"ఎక్కడికి పోయాడే నీ కొడుకు?"

"అడగలే సారూ."

"కన్నదానివి, అడగలేదా?"

"బయలెల్లేటోన్ని ఎటని ఎట్ల అడుగుత?"

నిజామాబాద్ బస్సు వచ్చి ఆగింది. గంగారాం అప్పటికే రుద్రంగి దారి పట్టి ఉరుకుతున్నాడు. జలపతి ఎక్కవచ్చు. లక్ష్మీరాజం ఉన్నాడు, ఇంకొకడు బొంబాయిలో దొరకకపోడు. పున్నం దగ్గరపడింది. కానీ నోరు మూసుకొమ్మన్నది తనే. చెవులు భగ్గుమన్నాయి. ఎస్సైని తిట్టాడు, బస్సును తిట్టాడు, తన నోటిని తిట్టుకున్నాడు. లక్ష్మీరాజాన్ని సిరిసిల్లకు పొమ్మని గంగారాం వెంట పడ్డాడు.

"పడవ మీద మస్కట్ పోతున్నం సారూ," అన్నాడు ఠాణాలో.

ఎస్సై నవ్వాడు. "రుద్రంగిలో పడవ ఎక్కడెక్కుతారురా? పొలం కాలవలోనా?"

నర్సవ్వను వదిలి, వీళ్లిద్దరి అరికాళ్లు వాచేలా కొట్టారు. ఆపై రోజూ వచ్చి ఠాణాలో కనిపించి పొమ్మన్నారు. పున్నం దాటిపోయింది. సారంగు పని ఇంకెవరికో పోయిందని కబురొచ్చింది.

కుంటుకుంటూ వచ్చిన జలపతిని నర్సవ్వ వాకిట్లోనే నిలబెట్టింది. "ఒక్క మాట చెప్తే నీ నోట్లె ముత్యాలు రాలుతుండెనా? అడిగితే అపశకునమంటిరి. అడగకపోతే ఠాణ పాలైతి! పోయేది బొందలకైనా నాకు చెప్పి పోండ్రి!"

జలపతి తల వంచుకున్నాడు. చెవులు మాత్రం చల్లారలేదు.

మరుసటి ఏడు, ఠాణాలో రోజూ కనిపించే పని తప్పాక, పున్నం ముందు మళ్లీ బయల్దేరాడు, మామూలు ఖలాసీగానే. లక్ష్మీరాజం రానన్నాడు. గంగారాం వచ్చాడు. ఈసారి ఊరి బయట వేసిన పోలీసుల గుడారానికి ఎదురుగానే బస్సు ఆపారు. జలపతి మెట్టు మీద నిలబడి, "అడుగు వదినా," అన్నాడు.

నర్సవ్వ కొంగు నడుముకు చుట్టి, గుడారం వైపే చూస్తూ అరిచింది.

"ఎటు పోతున్నర్రా?"

"బొంబాయికి!" జలపతి గొంతు చీరుకుపోయేలా అరిచాడు. "ఆడికెల్లి పడవ మీద మస్కట్‌కు! ఇనవడ్డదా?"

గుడారం ముందు పోలీసు నోట్లోంచి బీడీ తీసి ఇటు చూశాడు. నర్సవ్వ మళ్లీ అడిగింది, ఇంకా గట్టిగా.