ఆఖరి చరణం దాకా ఎవరాగుతారు?

మొన్న సాయంత్రం మా వీధిలో పెళ్లి బరాత్ వెళ్తుంటే డీజే దెబ్బకు కిటికీ అద్దాలు గడగడలాడాయి. మూడో పాట మొదలవగానే చేతిలోని చాయ్ గ్లాసు పక్కన పెట్టేశాను. అది మా పాట. సుజాతక్క రాసింది, నేను ఎడిటింగ్ చేసింది. రెండో చరణం అవగానే డీజే అతను ఠక్కున మళ్లీ మొదటికి తిప్పాడు. అందరూ అంతే చేస్తారు.

సుజాతక్క కరీంనగర్‌లో రెండు గదుల్లో జానపద పాటల స్టూడియో నడిపేది. డిగ్రీ తప్పి బలాదూర్ తిరుగుతున్న నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి పని నేర్పింది ఆమే. కొత్త వీడియో ఏది వచ్చినా, "గీ పాటలల్ల ఆడదాని నడుము తప్ప మొఖం కనవడదేందిరా?" అని తిట్టేది. తిట్టి తిట్టి విసిగిపోయి ఒకరోజు, "ముల్లును ముల్లుతోనే తియ్యాలె. మనం గూడ గట్లనే తీద్దాం. ఆఖరికి తిప్పికొడదాం" అంది. రెండు చరణాల పాటు కెమెరా ఆడే పిల్ల నడుము చుట్టే తిరుగుతుంది. మూడో చరణంలో పిల్ల ఆ కెమెరానే లాక్కుని, చూస్తున్న మగవాళ్ల పొట్టల్నీ, తెరిచిన నోళ్లనీ చూపిస్తుంది. మొదటి రెండూ వేరే అమ్మాయి పాడింది. మూడోది మాత్రం అక్క పట్టుబట్టి తనే పాడింది.

ఆ పాటకు ఆడింది మందమర్రి మౌనిక. బొగ్గుబావిలో పనిచేసే అతని కూతురు, ఇరవై రెండేళ్లది, ఆటంటే ప్రాణం. షూటింగ్ రోజు ఒక్క మాట అడిగింది.

"అక్కా, ఆఖరి చరణం దాంక ఎవలాగుతరు?"

"ఆగుతరు బిడ్డా, ఫికర్ జెయ్యకు."

బరాత్‌లో ఏ పాటా చివరిదాకా సాగదన్న సంగతి అంత తెలివైన అక్కకు తట్టలేదు. నాకు తట్టింది. తెలిసీ నోరు మూసుకున్నాను. పైగా జనాన్ని లాగడానికి వీడియో మీద పెట్టే ఫొటోకు మౌనిక నడుమునే ఎంచాను. "నలుగురు సూస్తెనే గదక్కా చురక తగిలేది" అన్నాను. అక్క కాసేపు ఆ ఫొటోను చూసి, సరే అంది.

చూశారు. రెండు నెలల్లో ఊరూరా అదే పాట. చెన్నూరులో మౌనిక పిన్ని కొడుకు పెళ్లి బరాత్‌లో ఆ పాట పెట్టి ఆమెను మధ్యలోకి లాగారు. "గా స్టెప్పెయ్యి" అని అరుస్తూ ఫోన్లు నడుముకు ఆనించి మరీ తీశారు. తీసినవాళ్లలో సగం మంది చుట్టాలే. ఆ పెళ్లి తర్వాత మౌనిక మళ్లీ కాలు కదపలేదు.

ఆ సంగతి తెలిసి అక్కా నేనూ మందమర్రి వెళ్లాం. మౌనిక గదిలోంచి బయటికి రాలేదు. ఆమె తల్లి మంచినీళ్లిచ్చి, "మీరు మొగోళ్లను ఎక్కిరిద్దామనుకున్నరట గదమ్మా. మరి నవ్వులపాలైంది నా బిడ్డెట్లయింది?" అంది. అక్క నీళ్లు తాగకుండానే గ్లాసు కింద పెట్టి లేచింది.

తిరుగు బస్సులో సర్దిచెప్పబోయాను. "జనాలకు సమజ్ గాకపోతే మన తప్పా అక్కా?"

"సమజైందిరా. మనం సూపెట్టిందే సమజైంది. సౌండు బంద్ జేసి సూడు, ఆళ్ల పాటకు మన పాటకు ఫరకేముంది? ముల్లు ఇరిగి పిల్ల కాళ్లల్లనే ఉన్నది."

స్టూడియోకు రాగానే మా ఛానెల్ నుంచి ఆ వీడియో తీసేసింది. అప్పటికే ఎంతమందో దాన్ని దింపుకుని, మూడో చరణం కత్తిరించి, తమ ఛానెళ్లలో పెట్టుకున్నారు. అక్క మళ్లీ పాట రాయలేదు. పోయినేడు గుండెపోటుతో పోయింది.

ఇప్పుడు నా దగ్గరికి ఎడిటింగ్‌కు వచ్చేవాళ్లు, "ఇది సెటైరన్నా" అంటూ అవే నడుములు తెస్తారు. సౌండ్ తీసేసి వాళ్లకే చూపిస్తాను. కొందరు తలదించుకుంటారు, ఎక్కువమంది వేరే స్టూడియోకు పోతారు. వాళ్లను తిట్టే నోరు నాకు లేదు. ఆ ఫొటో పెట్టిన చెయ్యి నాదే.

పూర్తి పాట నా హార్డ్‌డిస్క్‌లో తప్ప ఎక్కడా లేదు. ఊళ్లన్నీ చిందులేసే ఆ పాటలో అక్క గొంతు ఒక్క ముక్క కూడా వినపడదు. మౌనిక ఆట మానేసి నాలుగేళ్లయింది. ఆమె నడుము మాత్రం ప్రతి బరాత్‌లోనూ ఆడుతూనే ఉంది.