గుల్ల లేని చెక్క

ఏక్‌బాల్‌పూర్‌లో పాత ఓడల సామాను అమ్మే ఆ దుకాణందారుని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. "ఏక్‌దమ్ సాలిడ్, దాదా" అని గుండె మీద చెయ్యేసుకుని మరీ అంటగట్టాడు ఆ మందపాటి ప్లైవుడ్ పలక.

మా నాన్న బతుకుతెరువుకి బెంగాల్ వచ్చి, మురుగునీటి పంపుల దగ్గర ముప్ఫై ఏళ్లు పనిచేశాడు. ఆ రొదకి చెవులు మందగించాయి, ఇక రోజురోజుకీ తగ్గడమేనని డాక్టరు తేల్చేశాడు. ఆయనకున్న ఒకే సరదా నాటక పద్యాల రికార్డులు. మా రికార్డు ప్లేయరేమో పల్చటి చెక్కపెట్టె, స్పీకరూ అందులోనే. మోటారు తిరిగితే పెట్టంతా వణికి, పద్యం కంటే గుర్రుమనే చప్పుడే ఎక్కువ. బరువైన దిమ్మ చేసి మోటారూ, ముల్లుండే చెయ్యీ దానిమీద బిగించి, స్పీకరు వేరే పెడితే ఆ గుర్రు పోతుంది. వినబడే నాలుగు రోజులైనా నాన్న పద్యం శుభ్రంగా వినాలి. అదీ నా పంతం.

బంద్ రోజు ఇంట్లో కూర్చుని పలక కోశాను. పైన నునుపు, లోపల పొరల మధ్య వేలు పట్టే సందులు, వాటినిండా రంపప్పొట్టు ముద్ద. మర్నాడు ఆ ముక్కలు వాడి బల్లమీద పడేసి, నాకొచ్చిన బెంగాలీ అంతా తిట్లకే ఖర్చుపెట్టాను. వాడు టీ తాగుతూ "కొట్టి చూసుకోవాల్సింది" అన్నాడు. సిగ్గులేని మనిషి. నన్ను నేనూ తిట్టుకున్నాను. కొబ్బరికాయైనా కొట్టి చూడందే కొనని వాణ్ణి, ఇక్కడ నా బుర్ర ఏమైంది?

ఈసారి వాడి కొట్లోనే ఓడ గదుల్లోంచి ఊడదీసిన పల్చటి ప్లై పలకల్ని ఒక్కొక్కటీ వేలి కణుపుతో కొట్టి, గుల్ల పలికినవన్నీ వాడి ముందుకే విసిరి, ఏడు ఏరాను. జిగురు రాసి ఒకదానిమీదొకటి పేర్చి, పైన రుబ్బురోలు ఎత్తి నాలుగు రోజులు ఉంచాను. పచ్చడికి రోలు లేదని అమ్మ గొణిగితే ఆవిడమీదా అరిచాను.

దిమ్మ రాయిలా కుదిరింది. గుర్రు అన్నది లేదు. రికార్డు పెట్టి నాన్నని పిలుచుకొచ్చాను. ఆయన దిమ్మ మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు.

"ఏటిరా, ఇంకా ఎయ్యలేదేటి?"

పద్యం గదంతా మోగుతోంది. నేను అమ్మకేసి చూశాను.

"మీ నాన్నకి వినపడక మూడు నెల్లయినాది," అంది అమ్మ. "మన మూతులు చూసి జవాబులు చెప్పెత్తన్నారు. పాత పెట్టె మీద చెయ్యేసి, ఆ అదురుతోనే పద్యం పోల్చుకునీవోరు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పొద్దన్నారు. నువ్వు కోప్పడతావని."

ఆ మాటకీ కోప్పడ్డాను.