వెనక్కి తీసే ముందు

సొంత ఇల్లు కట్టలేని నేను చక్రాల మీదున్న ఇంటినైనా అద్దెకు తీసుకున్నానని మురిసిపోయాను. అందులో తిరుపతి నుంచి కన్యాకుమారి దాకా పల్లెదారుల్లోనే పోవాలని నేనూ, నా భార్యా, పదో తరగతి కూతురూ బయలుదేరాం. బండితోపాటు వచ్చిన డ్రైవరుకు ఒక అలవాటుంది. వెనక్కి తీయాల్సి వస్తే అందరినీ దించి, బండి ముందద్దం ఎదుట నిలబెట్టి, సీట్లోంచే వేలితో లెక్కపెట్టేవాడు.

"బడిలో ప్రార్థనకు నిలబెట్టినట్టుండాదప్పా," అన్నాను ఒకసారి.

ఆయన నవ్వలేదు. "అందరూ కండ్లకు కనపడాల సామీ, అంతే."

ఐరాల దాటాక, సాయంత్రం వానలో, వంక పొంగి దారి మునిగింది. బండి తిప్పే చోటు లేదు. ఆయన మమ్మల్ని దించాడు. బండి ముందంటే వంక వైపే. మా పాదాలు మునిగాయి.

"ఒగరు, ఇద్దురు, ముగ్గురు..." వేలు ఆగింది. "చిన్నబిడ్డ యాడ?"

"ఉండేదే ముగ్గురమప్పా! తియ్యి!" అని అరిచాను.

"బండి కింద సూడండి సామీ. ఆ పొద్దు సూడకనే వెనక్కి తీస్తి," అన్నాడు. నీళ్లు పిక్కల దాకా వచ్చాయి. మేం తప్పుకుంటే ఆయన బండి కదిలించడు. ఆయన్ని అక్కడ వదిలి పోలేం.

అప్పుడు నా భార్య చెయ్యి మడిచి, లేని బిడ్డను చంకనెత్తుకుంది. "ఈడుండాదన్నా, నా దగ్గర. నిద్రపోతాండాది. నిదానంగా తియ్యి."

బండి కదిలింది. గట్టు చేరేదాకా ఆమె ఆ చెయ్యి దించలేదు.

అక్కడ ఆయన తన దుప్పటి తెచ్చి, ఆ చేతి మీద మెల్లగా కప్పాడు.

"సలిగా ఉండాదిమ్మా," అన్నాడు.