లేని మనుషులు నలభై ఒక్కరు

మా పెద్దమ్మను ఆఫీసులో అందరూ నిదానం అనేవారు. ఎదురుగా అక్కయ్య అనీ, ఆవిడ పక్కకు వెళ్ళాక నిదానం అనీ. ఆవిడకు రెండూ తెలుసు, రెండింటికీ పలికేది. పొదుపు పరపతి సంఘంలో కౌంటరు వెనక ఇరవై ఆరేళ్ళు కూర్చుంది. సభ్యులు పదకొండు వందల మంది. మార్కెట్టులో బరువులు మోసేవాళ్ళు, బట్టలు ఇస్త్రీ చేసేవాళ్ళు, కుట్టుపనివాళ్ళు, రేవులో పడవలు నడిపేవాళ్ళు. నెలకింతని దాచుకుంటారు, అవసరం పడితే అందులోంచే అప్పు తీసుకుంటారు. ఆ సంఘం చేసే పని అంతే.

పెద్దమ్మను ఒక మాట అడిగితే, జవాబు వచ్చేలోపు మనం ఇంకో పని చూసుకోవచ్చు. కిటికీలోంచి చూస్తూ ఉండిపోయేది. కిటికీ అవతల లాండ్రీ. మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర దాకా కౌంటరు దగ్గరకు ఎవరూ రారు. ఆ వేళలో లాండ్రీ గొట్టంలోంచి ఆవిరి తెల్లగా లేచి, చువ్వల మధ్య పాయలుగా విడిపోయి లోపలికొచ్చి, ఫ్యాను గాలికి కరిగిపోయేది. గదంతా వెచ్చటి తడిబట్టల వాసన. నేను ఆవిడ చెల్లెలి కూతుర్ని. సెలవులన్నీ ఆ కౌంటరు వెనక బెంచీ మీద కునుకు తీస్తూ గడిపినదాన్ని. ఈ కథ చాలావరకు ఆవిడ నోటే విన్నాను, మిగతాది పెదనాన్న చెప్పాడు.

ఒక ఏడాది సంఘం కార్యదర్శి సాఫ్ట్‌వేర్ కొనాల్సిందేనని పట్టుబట్టాడు. లెడ్జర్ల బరువుకు బీరువా అరలు విల్లులా వంగిపోయాయి. మూడు కంపెనీల వాళ్ళు మాదే తీసుకోండని తిరుగుతున్నారు. ఏది మంచిదో తేల్చడానికి ముగ్గురితో కమిటీ వేశారు. కార్యదర్శి ఒకరు. సంఘం అధ్యక్షులైన డ్రాయింగు మాస్టారు ఒకరు. మూడో మనిషి పెద్దమ్మ. తనకు కంప్యూటరు రాదని ఆవిడ మొత్తుకుంది.

“కంప్యూటరు రాకపోతేనేం అక్కయ్యా, నీకు మనుషులు వచ్చు కదా,” అన్నాడు కార్యదర్శి.

మొదటి కంపెనీ నుంచి టై కట్టుకున్నాయన వచ్చాడు. ఆయన వెళ్ళేదాకా ఆఫీసులో అందరూ ఆయన్ని టైగారనే చెప్పుకున్నారు. ప్రొజెక్టరుతో గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు. నీలం రంగు తెరలు నీళ్ళలా జారిపోతున్నాయి. ఆయన చూపించిన సభ్యులందరికీ నెల జీతం, ఫోను నంబరు, పుట్టినతేదీ ఉన్నాయి. పుట్టినతేదీ తెలియనివాళ్ళ సంగతేమిటని పెద్దమ్మ అడిగింది. జనవరి ఒకటి వేసేయండి అన్నాడు టైగారు. అలా అయితే మా సభ్యుల్లో సగం మంది ఒకే రోజు పుట్టిన కవలలైపోతారే అని ఆవిడ నెమ్మదిగా అంటే, మాస్టారు నవ్వు ఆపుకోలేక దగ్గు తెచ్చుకున్నారు.

కంపెనీల వాళ్ళు ఒక్కో వారం తమ సిస్టం పెట్టి వెళతామన్నారు. అందులో ఎక్కించి చూడటానికి సభ్యుల వివరాలు కావాలి. అసలు సభ్యులవి బయటివాళ్ళ చేతికి ఇవ్వకూడదు, అది కార్యదర్శి గీత గీసి చెప్పాడు. కాబట్టి ఉత్తుత్తి మనుషుల్ని రాసిమ్మని పెద్దమ్మకు పురమాయించాడు. పేరు అ, పేరు ఆ అని ఓ నలభై రాసేస్తే సరిపోతుందన్నాడు.

పెద్దమ్మ నోటుబుక్కు తెరిచి ‘అ’ అని రాసింది. ఆ మనిషి నెలకు ఎంత దాచుకుంటాడో ఆవిడకు తట్టలేదు. అది తెలియాలంటే అతను ఏం పని చేస్తాడో తెలియాలి. ఏ నెలలో పని ఉంటుందో, ఏ నెలలో ఉండదో, ఇంట్లో ఎంతమందో తెలియాలి. ఆ రోజు మధ్యాహ్నమంతా కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. ఆవిరిలోంచి, ఆవిడ మాటల్లో చెప్పాలంటే, ఒకాయన భుజాన తెడ్డు పెట్టుకుని వచ్చి కౌంటరు ముందు నిలబడ్డాడు. పడవ నడిపేవాడు. వరదలొచ్చిన మూడు నెలలూ పైసా కట్టలేడు, నీళ్ళు తగ్గాక ఒకేసారి కడతాడు. ‘అ’ కొట్టేసి ఆయన్ని రాసుకుంది.

ఆ తర్వాత రోజుకు ఇద్దరు ముగ్గురు చొప్పున వస్తూనే ఉన్నారు. ఒకే పేరున్న అక్కచెల్లెళ్ళు వచ్చారు. పెద్దది పోయిందనుకుని చిన్నదానికి అదే పేరు పెట్టారు, తీరా పెద్దది బతికి బట్టకట్టింది. పదకొండేళ్ళు ఏ ఊళ్ళో ఉందో తెలియని ఒకామె, నా డబ్బు ఇంకా ఉందా అని అడుగుతూ వచ్చింది. చూపులేని ఒకాయన వచ్చాడు. తన ఖాతాలో ఎంతుందో మిషను పైకి చదవకూడదు, పక్కవాళ్ళు వింటారు, చెవిలో చెప్పాలి. ముగ్గురు స్నేహితుల అప్పులకు పూచీగా సంతకం పెట్టి హఠాత్తుగా చనిపోయిన తాపీమేస్త్రీ వచ్చాడు. ఇస్త్రీపెట్టె పట్టి పట్టి వేలిముద్రలు అరిగిపోయినామె వచ్చింది.

పెదనాన్న మంచినీళ్ళ సరఫరాలో వాల్వులు తిప్పే పని చేసి రిటైరయ్యాడు. ఊళ్ళో ఏ వీధికి ఎన్నింటికి నీళ్ళు వదులుతారో ఆయనకు నాలుక చివర ఉంటుంది. మొదట్లో పెద్దమ్మ రాతలు చూసి, ఉన్నవాళ్ళతో పడేది చాలదా అని విసుక్కున్నాడు. వారం తిరక్కుండా ఆయనే భోజనం దగ్గర ఆ మాట కదిపేవాడు.

“ఆ ఇస్త్రీ ఆవిడది మెట్లవీధి అని రాశావా? అక్కడ పదింటిదాకా నీళ్ళు రావు. తొమ్మిదింటికి నీ కౌంటరు దగ్గరకు ఎలా వస్తుంది?”

పెద్దమ్మ ఆవిడ ఇల్లు మార్చింది. పెదనాన్న అక్కడితో ఆగలేదు. తన తరఫున ఒకణ్ణి చేర్చమని వెంటపడ్డాడు. వాడు వాల్వులు తిప్పేవాడు, అందగాడు, ఒక్క వాయిదా కూడా తప్పనివాడు. అంత మంచివాడితో ఏం పరీక్ష చేస్తామండీ అని పెద్దమ్మ అన్నా వినలేదు. అలా నలభై ఒక్కరయ్యారు.

టైగారి సిస్టంలో పదకొండేళ్ళ తర్వాత వచ్చినామె ఖాతా తెరవబోతే, ఈ సభ్యురాలు లేరు అని వచ్చింది. పదేళ్ళు కదలని ఖాతాను అది తనంతట తానే తుడిచేస్తుందట. రెండో కంపెనీది రంగురంగుల సిస్టం, మాస్టారికి తెగ నచ్చింది. అందులో తాపీమేస్త్రీ మరణం ఎక్కించబోతే తీసుకోలేదు. పూచీలు తీరేదాకా కుదరదంది. నాలుగుసార్లు ప్రయత్నించాక పెద్దమ్మ ఆ కంపెనీ మనిషి వైపు తిరిగింది.

“అప్పులకు పూచీ ఉంటే మనిషి చావకూడదంటారా?”

ఆయన తెర వైపు తిరిగి ఐదోసారి నొక్కి చూశాడు.

మూడో సిస్టంతో ఒక నడివయసు ఆవిడ వచ్చింది. దాన్ని రాసింది ఆవిడే. తెరలు బూడిదరంగులో, వానకాలపు సాయంత్రంలా ఉన్నాయి. అది నెమ్మదిగా పని చేసేది, ఆ విషయం మాత్రం పెద్దమ్మకు ఇబ్బందిగా తోచలేదు. పడవాయన వరద నెలలు అందులో కుదిరాయి. ఒకే పేరున్న అక్కచెల్లెళ్ళు కలిసిపోలేదు. మేస్త్రీ చనిపోయాడు. పూచీ పోయిందని ముగ్గురు స్నేహితుల ఖాతాల మీదా ఎర్రగుర్తు పడింది. వేలిముద్రల దగ్గరికొచ్చేసరికి మిగతా రెండింటి లాగే అదీ చతికిలపడింది.

ఆ పరీక్షకు నిజం మనిషి కావాలి కదా. పెద్దమ్మ సందు దాటి లాండ్రీకి వెళ్ళి, ముప్పై ఏళ్ళుగా ఇస్త్రీ చేస్తున్న ఒకామెను బతిమాలి తెచ్చేది. ఏడుసార్లు వేలు పెట్టినా ఏ మిషనూ గుర్తుపట్టలేదు. టైగారు చేతికి క్రీము రాసుకోమన్నాడు. రెండో కంపెనీ మనిషి ఫిర్యాదు రాసిమ్మన్నాడు. మూడో ఆవిడ మాత్రం ఇస్త్రీ ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుని, వెల్లకిలా తిప్పి, నున్నగా మెరిసే ఆ వేళ్ళను చాలాసేపు చూసింది.

“నేను ఇది రాసినప్పుడు ఈ చెయ్యి నాకు తెలియదండీ,” అంది. “నాలుగు రోజులు టైమివ్వండి.”

నాలుగో రోజుకు మార్చి తెచ్చింది. ముద్ర పడకపోతే, ఆ మనిషిని ఎరిగిన ఇద్దరు ఉద్యోగులు ఈమే అని చెప్పి కింద తమ పేర్లు రాస్తే చాలు.

కమిటీ కూర్చున్నప్పుడు కార్యదర్శి టైగారిదే చవక అన్నాడు. పెద్దమ్మ వాదించలేదు. నోటుబుక్కు తెరిచి, నలభై ఒక్కరి కథలూ, ఏ సిస్టం ఎవరిని ఏం చేసిందో వరసగా చదివింది. ఆవిడ చదివే తీరు తెలుసు కదా, గంటన్నర పట్టింది. మేస్త్రీ దగ్గరికొచ్చేసరికి మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. కార్యదర్శి మామూలుగా మనిషి ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఆ రోజు మాత్రం, పదకొండేళ్ళ తర్వాత వచ్చినామెకు ఆ రాత్రి పడుకోవడానికి చోటుందా అని అడిగాడట. చెల్లెలి ఇంట్లో ఉందని పెద్దమ్మ చెప్పింది. ఖరీదు మూడు విడతలుగా కట్టేలా మాట్లాడుకుని మూడో సిస్టమే తీసుకున్నారు.

అసలు సభ్యుల్ని ఎక్కించే ముందు ఉత్తుత్తివాళ్ళను తీసేయాలి. లేకపోతే లెక్కల తనిఖీలో తంటా. ఒక్క మీట నొక్కితే అందరూ పోతారని సాఫ్ట్‌వేర్ ఆవిడ చూపించింది. పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. వాళ్ళ డబ్బు వాళ్ళకిచ్చి పద్ధతిగా ఖాతాలు మూస్తానంది. అంత అవసరం లేదండీ అంటే, నాకుంది అంది.

రెండు మధ్యాహ్నాలు పట్టింది. ఎదురుగా ఆవిరి లేస్తూనే ఉంది. పెద్దమ్మ ఒక్కొక్కరినీ పిలిచి, దాచుకున్నది వడ్డీతో లెక్క కట్టి, తెర మీద చెల్లు రాసింది. చూపులేనాయనకు ఎంత వచ్చిందో పెదవులు కదలకుండా చెప్పానంది నాతో. మేస్త్రీ భార్య వచ్చి వేలిముద్ర వేసిందట. అక్కచెల్లెళ్ళు ఒకరి పాస్‌బుక్కు ఒకరు పట్టుకుని నవ్వుకుంటూ వెళ్ళారట. నాకు ఇదంతా చెప్పేటప్పుడు ఆవిడ ముఖంలో ఎగతాళి లేదు, దిగులూ లేదు. నెల మధ్యలో ఖాతా మూస్తే వడ్డీ రెండుసార్లు పడుతోందని ఆ పనిలోనే బయటపడింది. సాఫ్ట్‌వేర్ ఆవిడ అక్కడికక్కడే కూర్చుని సరిచేసి, మీరు మా ఆఫీసుకు వచ్చేయండి అంది. పెద్దమ్మ ఆలోచించి చెబుతానంది. ఇప్పటికీ చెప్పలేదు.

రెండో రోజు మూడింటికి పెదనాన్న ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు.

“మావాడిది అయిందా?”

“ఆఖరున ఉంచాను,” అంది పెద్దమ్మ. “మీరొస్తారని.”

అతని ఖాతా ఆయన చూస్తుండగా మూసింది. తెర మీద సభ్యులు సున్నా అని వచ్చింది.

ఆఫీసు తాళం వేసి రోడ్డెక్కాక ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదట. ముందు ఏ బస్సు వస్తే అదెక్కారు. అది ఎక్కడికి పోతుందో ఇద్దరూ చూడలేదు. సాయంత్రపు ఎండ సీట్ల మీద పసుపుపచ్చగా పడుతోంది, జనం దిగిపోతున్నారు, వీధులు పలచబడుతున్నాయి. చివరి స్టాపులో కండక్టరు తట్టి లేపితే దిగారు. పెద్ద ఖాళీ మైదానం, మోకాలెత్తు గడ్డి, ఒక సిమెంటు బెంచీ. తిరుగు బస్సుకు నలభై నిమిషాలుందన్నాడు.

అంతసేపూ ఏం మాట్లాడుకున్నారు పెద్దమ్మా అని అడిగాను. ఆవిడ ఎప్పటిలాగే చాలాసేపు తీసుకుంది.

“ఏమీ లేదే. గాలి బాగుంది. కూర్చున్నాం,” అంది.