సుబ్బాయమ్మ గారి మాట తెలుగులో

ఆదివారం ఉదయం ఏడున్నరకు తాడేపల్లిగూడెంలో ఏలూరు వెళ్ళే పాసింజరెక్కాను. నేను చూడబోయే మనిషిని అంతకుముందెప్పుడూ కలవలేదు.

నేను గూడెంలో హిందీ టీచర్ని. కొల్లేటి లంకల్లో మంచినీళ్ళ కష్టం మీద ఒకమ్మాయి సొంతంగా తీసిన డాక్యుమెంటరీ ప్రభుత్వ టీవీలో హిందీలో వచ్చింది. అందులో సుబ్బాయమ్మ అనే పెద్దావిడకు హిందీ గొంతు నాది. ప్రసారమయ్యాక ఆవిడ దర్శకురాలికి ఫోన్ చేయించి, "నాకు బదులు మాట్లాడినావిణ్ణి ఒక్కసారి పంపండమ్మా" అన్నారట.

రైల్లో పక్కన కూర్చున్న బియ్యం వ్యాపారి ఇదంతా విని, "టీవీలో చూపిస్తే బాగుపడిన ఊరుందాండీ?" అని నవ్వారు. నాకూ తెలియదన్నాను.

ఏలూరులో ఇడ్లీ తిని కైకలూరు బస్సెక్కాను. మీరు వెళితే కిటికీ సీటు వదలకండి. చేపల చెరువుల గట్ల మీద గూడబాతులు బారులు తీరి కనిపిస్తాయి. దారిలో దిగి, ఆటోలో లంక చేరేసరికి పదకొండు కావొచ్చింది.

వీధి మొదట్లో కొత్త కుళాయి, చుట్టూ బిందెలు. నీళ్ళు పడుతున్నామె చెప్పింది: "ఎన్నేళ్ళడిగినా అవతలి చేపల చెరువు రైతు తన గట్టు మీదుగా పైపు వెయ్యనివ్వలేదండీ. టీవీలో సుబ్బాయమ్మత్త ఏడుస్తుంటే చూసి, మాట అర్థం కాకపోయినా, ఆ రైతు వాళ్ళమ్మగారు అన్నం ముట్టలేదంట. మర్నాడు ఆయనే వచ్చి వేసుకోమన్నారు."

సుబ్బాయమ్మ గారు నా చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తీసుకెళ్ళారు. కోడలు దుర్గ చేపల పులుసుతో భోజనం పెట్టింది. అత్తాకోడళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదని కాసేపటికి గమనించాను. నేను చెయ్యి కడుక్కుంటుంటే దుర్గ అడిగింది.

"టీచరు గారూ, టీవీలో అత్తయ్య గారు నా పేరు చెప్పి ఏడ్చారండీ. మాకు హిందీ రాదు కదా. ఏమన్నారో ఎన్నిసార్లడిగినా చెప్పరు."

సుబ్బాయమ్మ గారు గుమ్మంలో అటు తిరిగి కూర్చున్నారు. "మీరే చెప్పండమ్మా. అందుకే పిలిపించాను. దాని మొహం చూస్తే నా నోరు పెగలదు."

హిందీలో చెప్పేముందు ఆవిడ తెలుగు మాటలు హెడ్‌ఫోన్లలో ఎన్నోసార్లు విన్నాను. అవే చెప్పాను: "నిండు నెలలతో మా దుర్గ నీళ్ళు మోసుకొస్తూ గట్టు మీద పడిపోయింది. బిడ్డ దక్కలేదు. చూసుకుని నడవలేదని అందరూ దాన్నే అన్నారు. నేను కాదనలేదు. తప్పు దానిది కాదు. దానిచేత ఆ బిందె ఎత్తించకుండా ఉండాల్సింది నేను."

దుర్గ చేతిలో గిన్నె కింద పెట్టింది. కళ్ళు తుడుచుకుని గుమ్మం దగ్గరకు వెళ్ళి, అత్తగారి పక్కన కూర్చుంది.

"ఈ ఒక్కమాట కోసం ఎంత ఎదురు చూశానో అత్తయ్య గారూ," అంది. "మీరింకా అన్నం తినలేదు, రండి," అంటూ చెయ్యి పట్టుకుని లేపింది.

సాయంత్రం ఇద్దరూ ఆటో దాకా వచ్చారు. "అత్తయ్య గారి గొంతుతోనే ఆ మాట వినాలనుందండీ," అంది దుర్గ మెల్లగా. ఏలూరులో రైలు కోసం చూస్తూ దర్శకురాలికి ఫోన్ చేశాను. తెలుగు ప్రతి తీసుకుని తనే లంకకు వస్తానంది.

ఆ వ్యాపారి మళ్ళీ కనిపిస్తే కుళాయి సంగతి చెప్పాలనుకున్నాను. దుర్గ సంగతి మాత్రం, ఎంత బాగా చెప్పినా, అత్తాకోడళ్ళిద్దరూ ఒకే కంచం దగ్గర కూర్చోవడం చూసినవాళ్ళకే అర్థమవుతుంది.