పెద్దమ్మ పేరంటానికి నేను చేసిన యాప్

మా ఆఫీసులో ఎవరు కొత్త యాప్ మొదలుపెట్టినా ముందు నా ఉపన్యాసం వినాలి. బర్మాలో, ఊరి నడిబొడ్డున చౌక్తడా పేటలో పాత భవనం మాది. కరెంటు పోతే ఫ్యాన్ ఆగుతుంది గానీ నా నోరు ఆగదు. "వాడేవాళ్ళ పక్కన కూర్చోండి. వాళ్ళు పని ఎలా చేసుకుంటున్నారో చూడండి. యాప్ బొమ్మ గీయడం ఆ తర్వాత" అంటాను. ఆ మాటలు చెప్పేటప్పుడు నా గొంతులో పలికే గాంభీర్యానికి నాకే ముచ్చటేస్తుంది. అలాంటి నేను సొంత పెద్దమ్మకు యాప్ చేసినప్పుడు, పెద్దమ్మను తప్ప అందర్నీ అడిగాను.

పెద్దమ్మ వాళ్ళది అదే ఊళ్ళో మింగళ తౌంగ్‌న్యున్ పేటలో కింది వాటా. ఏటా శ్రావణంలో ఒక శుక్రవారం పేరంటం చేస్తుంది. అంతకు ముందే కుంకుమ భరిణె పట్టుకుని మా తెలుగువాళ్ళ ఇళ్ళన్నీ తిరుగుతుంది. గడపగడపకీ వెళ్ళి, ఆడవాళ్ళకు బొట్టు పెట్టి, "తప్పకుండా రావాలి" అని పిలిచి వస్తుంది. మా వీధుల్లో లిఫ్టులు లేవు. మెట్లు నిచ్చెనకు తోబుట్టువుల్లా ఉంటాయి. ఈసారి శ్రావణానికి ముందే ఆవిడ మోకాళ్ళు వాచిపోయాయి. ఇంక మెట్లెక్కితే ఆపరేషనేనని డాక్టరు తేల్చి చెప్పాడు.

"ఈ యేడు పేరంటం మానేస్తాన్రా. పిలవకపోతే ఎవులొస్తారు? ఒక్కదాన్నీ కూకుని సెనగలు తింతానేటి?" అని పెద్దమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఆవిడ ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. నా ప్రాణం ఉసూరుమంది. "నువ్వు కదలక్కర్లేదు. పిలుపులన్నీ నేను చూసుకుంటాను. ఇల్లు నిండిపోకపోతే నన్నడుగు" అని మాటిచ్చేశాను.

యాప్ బ్రహ్మాండంగా వచ్చిందని ఆ రోజుల్లో నా నమ్మకం. పాత ఫోన్లలో కూడా నడవాలని సైజు బాగా తగ్గించాను. డేటా ఖరీదు కదా, నెట్ లేకపోయినా తెరుచుకునేలా చేశాను. కళ్ళజోడు పెట్టుకోని వాళ్ళ కోసం పెద్ద పెద్ద బటన్లు పెట్టాను. మాలో చాలామంది తెలుగు మాట్లాడతారే గానీ చదవలేరు, అందుకని పిలుపును బర్మీస్‌లోనూ రాయించాను. అన్నిటికన్నా నేను గర్వపడింది బొట్టు గురించి. తెర మీద పట్టుచీర కట్టిన ఒక బొమ్మ ఉంటుంది. దాని నుదుటి మీద వేలు పెడితే ఎర్రటి చుక్క పడి, గంట మోగుతుంది. ఆఫీసులో అందరూ చప్పట్లు కొట్టారు. వాళ్ళలో ఒక్కరు కూడా జన్మలో పేరంటానికి వెళ్ళినవాళ్ళు కారు.

స్టోర్‌లో పెట్టాను. ఎవరూ దించుకోలేదు. మా వాళ్ళ ఫోన్లకు స్టోర్ ఖాతా తెరిచేది ఫోను అమ్మిన కొట్టువాడు, పాస్‌వర్డ్ ఏమిటో వాడికీ గుర్తుండదు. ఈ ఊళ్ళో యాప్ అంటే ఫోన్ల కొట్లో ఎక్కించుకునేదే. ఆ సంగతి మా ఆఫీసు కుర్రాళ్ళకు బోర్డు మీద రాసి మరీ చెప్పినవాణ్ణి నేనే! చివరికి నా ఫోను నుంచి వాళ్ళ ఫోన్లకు ఒక్కొక్కటిగా పంపడానికి నేనే బయల్దేరాను. ఎవరూ మెట్లెక్కకూడదని చేసిన యాప్ కోసం ఆ వీధుల్లో ఉన్న మెట్లన్నీ నేను ఎక్కాను. ప్రతి ఇంట్లోనూ ఫోను అడిగి తీసుకున్నాను, యాప్ ఎక్కించాను, బొమ్మకు బొట్టు ఎలా పెట్టాలో చూపించాను, ఇచ్చిన టీ తాగి వచ్చేశాను.

పేరంటం నాటికి నా తెర మీద ప్రతి పేరు పక్కనా పచ్చగుర్తు పడింది. "అందరూ చూశారు పెద్దమ్మా!" అన్నాను. పెద్దమ్మ పట్టుచీర కట్టుకుని వాకిలి ఎదురుగా కుర్చీలో కూర్చుంది. పక్కన తాంబూలాలు, గిన్నెడు పసుపు, పెద్ద బేసిన్లో నానిన శనగలు. బయట వాన పడుతోంది. ఎవరూ రాలేదు.

"వానకి ఆగారేమో" అన్నాను. వాన తగ్గింది. అయినా రాలేదు. పెద్దమ్మ తాంబూలం పళ్ళెం మీద గుడ్డ కప్పబోయింది. అది చూసి నేను చెప్పులు కూడా మరిచిపోయి పరుగెత్తాను.

మొదటి ఇల్లు పక్క వీధిలో బట్టల కొట్టు పిన్నిది. రొప్పుతూ పైకెక్కి తలుపు కొట్టాను.

"ఏటి బాబూ, ఇలా తడిసిపోనావు?"

"పేరంటానికి రాలేదేం పిన్నీ?"

"పిలిస్తే గదా ఒస్తాం?"

"ఫోన్లో వచ్చింది కదా! నువ్వు చూశావు కూడా!"

"సూసినాను. ఆ బొమ్మకి బొట్టు కూడా ఎట్టినాను. సక్కగున్నాది. పేరంటానికి అదే ఎల్లిందేమో అనుకున్నాను" అంది. నా మొహం చూసి నవ్వింది గానీ, ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. "మొన్న మా ఇంటికొచ్చినావు. ఫోను తీసుకున్నావు, టీ తాగినావు, ఎల్లిపోనావు. రా పిన్నీ అని ఒక్క ముక్క అన్నావేటి?"

అనలేదు. గడప గడపకీ వెళ్ళి కూడా, ఆ ఒక్క మాటా ఎవరితోనూ అనలేదు. యాప్ చెబుతుంది కదా అనుకున్నాను.

"మీ పెద్దమ్మకి మా మీద కోపమొచ్చి, బొట్టెట్టడానికి రాలేదనుకున్నాం. అందరం అదే అనుకుంటన్నాం."

"కోపం కాదు పిన్నీ, మోకాళ్ళు. మెట్లెక్కలేకపోతోంది."

"ఓలమ్మా! ఆ మాట సెప్పవేటి మరి?" అని గబగబా లోపలికెళ్ళి తన కుంకుమ భరిణె తెచ్చింది. తన నుదుటి మీద తనే బొట్టు పెట్టుకుని, "ఇప్పుడు పిలువు" అంది.

చేతులు జోడించి, "పేరంటానికి రా పిన్నీ" అన్నాను. నా గొంతులో గాంభీర్యం కాదు కదా, గొంతే సరిగ్గా లేదు.

ఆవిడ నన్ను వెంటేసుకుని మిగతా ఇళ్ళకు బయల్దేరింది. బొట్టు పెట్టడం ఆవిడ వంతు, రమ్మనడం నా వంతు. ఒక్కో ఇంటి నుంచీ ఒకరిద్దరు దిగి మాతో కలిశారు. మేం తిరిగొచ్చేసరికి వీధి దీపాలు వెలిగాయి. గొడుగులు పెట్టడానికి వాకిట్లో చోటు చాల్లేదు.

వచ్చినవాళ్ళ కాళ్ళకు పసుపు రాయాలని పెద్దమ్మ కుర్చీలోంచి లేవబోయింది. బట్టల కొట్టు పిన్ని ఆవిడ భుజాలు పట్టి కూర్చోబెట్టింది. పసుపు గిన్నె అందుకుని, కింద కూర్చుని, పెద్దమ్మ కాళ్ళకే రాసింది. పెద్దమ్మ వద్దు వద్దంటూనే వంగి ఒక్కొక్కరినీ పలకరించడం మొదలెట్టింది. మీ గోడకి ఇంకా నీరు కారతందా? పిల్లకి జొరం తగ్గినాదా? కొత్త పొయ్యి బాగా మండతందా? అడుగుతున్న కొద్దీ ఆవిడ మొహం విప్పారుతోంది.

కాస్త సందు దొరగ్గానే నేను దగ్గరికెళ్ళి, "వచ్చే ఏడు ఇంకా బాగా చేస్తాను పెద్దమ్మా. నువ్వు గడప దాటే పనే ఉండదు" అన్నాను.

పెద్దమ్మ నా వైపు చూసింది. కోపంగా కాదు, జాలిగా.

"ఒరే, మెట్లెక్కలేకపోతన్నానని ఏడిసినాను గాని, ఆళ్ళిళ్ళకెళ్ళడం ఇష్టం లేదని అన్నానేట్రా?"

సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. పంచే నెపంతో శనగల బేసిన్ ఎత్తుకుని వాకిట్లోకి వెళ్ళిపోయాను.