మా నాయన చెప్పిన రెండో సాక్ష్యం

నా చిన్నప్పుడు మా ఇంట్లో కోపం తెచ్చుకునే హక్కు మా నాయన ఒక్కడికే ఉండేది. మిగతావాళ్లం మా కోపాలు దిగమింగుకునేవాళ్లం. నాకు పదేళ్లు నిండిన ఆ వేసవిలో మాత్రం ఇక మింగడం నా వల్ల కాలేదు.

అరవయ్యో దశకం చివరి రోజులవి. అప్పటికి రెండున్నరేళ్ల కిందట మా నాయన పనిచేసే చిన్న కార్ఖానా మూతపడింది. ఏడాది పైన ఆయనకు పని దొరకలేదు. ముందు మా అమ్మ కుట్టుమిషన్ పోయింది, తరువాత ఇంట్లో ఉన్న ఇత్తడి సామాను పోయింది. చివరికి అమ్మ తార్నాకలో ఇద్దరు ప్రొఫెసర్ల ఇళ్లలో అంట్లు తోమడానికి కుదిరింది. చంటి తమ్ముణ్ణి చూసుకోవడానికి నన్ను నాలుగో తరగతి మధ్యలో బడి మాన్పించారు. కొన్నాళ్లే అన్నారు. ఆ తరువాత మా నాయనకు యూనివర్సిటీలో, ఒక లేబొరేటరీలో అటెండరు పని దొరికింది. నెలనెలా జీతం. మీ కష్టం తీరింది అని అందరూ అన్నారు.

కష్టం పోయింది గాని దాని భయం మా ఇంట్లోనే కాపురం పెట్టింది. జీతం తెచ్చిన రోజున కూడా మా నాయన రెండోసారి అన్నం వడ్డించుకునేవాడు కాదు. చీకటి బాగా ముసిరేదాకా దీపం వెలిగించనిచ్చేవాడు కాదు. "ఈ కొలువు గూడ పోతే?" అన్న మాట రోజుకొక్కసారైనా ఆయన నోట వినాల్సిందే. అమ్మ ఇళ్ల పని మానలేదు. నేను బడికి వెళ్లలేదు. ఒక జూన్ అట్లాగే గడిచిపోయింది, రెండోది వచ్చింది. పక్కింటి పిల్లలు పుస్తకాలకు అట్టలు వేసుకుంటుంటే నేను తమ్ముణ్ణి చంకనేసుకుని గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. వాళ్ల పుస్తకాలన్నీ వానలో తడిసి ముద్దవ్వాలని కోరుకునేదాన్ని.

మేము క్రైస్తవులం. ఆదివారం లాలాగూడ వైపు ఉన్న మా గుడికి నడిచి వెళ్లేవాళ్లం. పని లేని రోజుల్లో గుడి పెద్ద ఒకాయన మాకు పాలపొడి ఇప్పించేవాడు. ఇప్పించిన ప్రతిసారీ ఆ సంగతి అందరి ముందూ చెప్పేవాడు. బడులు తెరిచేముందు వచ్చిన ఆదివారం ఆయనే లేచి, మా కుటుంబాన్ని దేవుడు నిలబెట్టాడు కాబట్టి మా నాయన సాక్ష్యం చెప్పాలన్నాడు. దేవుడు తనకు చేసిన మేలును నలుగురిలో చెప్పడమే సాక్ష్యం.

మా నాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "దేవుడు మాకు ఏ లోటు చెయ్యలేదు. పని లేనప్పుడు గాని, ఇప్పుడు గాని, ఒక్క పూట గూడ కొరత రానియ్యలేదు" అన్నాడు.

"అబద్ధం!" అని ఎవరో అరిచారు. అందరూ నా వైపు తిరిగాక గాని ఆ గొంతు నాదేనని నాకు తెలియలేదు. ఆపైన ఆగలేకపోయాను. "కొరత లేకుంటె నేను బడికెందుకు పోతలేను? నాయన గూడ అబద్ధమే, దేవుడు గూడ అబద్ధమే!"

బయటికి ఈడ్చుకొచ్చి మా నాయన నన్ను కొట్టాడు. చెంప మీద పడిన ఆ దెబ్బకు చెవి గుయ్యిమంది. "నా పరువు తీసినవ్" అన్నాడు. గుడి పెద్ద వెనకే వచ్చి, పిల్లకు దయ్యం పట్టిందేమో, ప్రార్థన చేయించమన్నాడు. అమ్మ తల ఎత్తలేదు. అప్పుడు మా పెద్దమ్మ, అమ్మకు సొంత అక్క, అందరినీ తోసుకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "నేను తీస్కపోత" అని ఒక్క మాటే అంది.

మా పెద్దమ్మకు భర్త పోయాడు, పిల్లలు లేరు. యూనివర్సిటీలో ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేది. ఆ రోజు నన్ను తార్నాక దాటించి యూనివర్సిటీ వైపు నడిపించింది. నా మణికట్టును ఎంత గట్టిగా పట్టుకుందంటే, తనూ కొడుతుందనే అనుకున్నాను. సెలవులు కాబట్టి కాంపస్ అంతా బోసిగా ఉంది. హాస్టల్ వెనక, సీతాఫలం చెట్ల మధ్య పెద్ద పెద్ద బండలుండేవి. అక్కడికి తీసుకెళ్లి నా చెయ్యి వదిలింది. కొంగు బిగించి, తల పైకెత్తి, అరవడం మొదలుపెట్టింది.

"నీకు కండ్లు లేవా? మా చెల్లె పసిపిల్లగానికి గంజినీళ్లు తాపుతుంటె ఏడున్నవ్? ఈ పిల్ల బడి ఆగిపోతుంటె చూస్త ఊకున్నవ్ గద! జవాబు చెప్పు!"

పిడుగు పడుతుందని భయపడి నేను బండకు అతుక్కుపోయాను. ఏ పిడుగూ పడలేదు. పెద్దమ్మ కొంగుతో మొహం తుడుచుకుని నా వైపు చూసింది. "ఇగ నువ్వడుగు" అంది.

బండను వదిలి నేనూ తల పైకెత్తాను. మొదలుపెట్టాక ఆగలేదు. నా బడి నాకిమ్మన్నాను. నవ్వుతుండే మా పాత నాయనను నాకిమ్మన్నాను. అందరి ముందూ పాలపొడి ఇప్పించినందుకు నీ మీద ఉమ్ముతానన్నాను. గొంతు బొంగురుపోయేదాకా అరిచి కూలబడ్డాను.

"ఆయన ఏమన్న అన్నడా?" అడిగింది పెద్దమ్మ.

"అనలే."

"నాకు గూడ ఎన్నడు అనలే. మా ఆయన పోయినప్పటిసంది ఈడికి వస్తున్న. ఈడ అన్నీ అడుగుత. అడిగినంక పోయి పొయ్యి ముట్టిస్త."

వెనక ఎండుటాకుల చప్పుడైతే తిరిగి చూశాం. మా నాయన. నన్ను వెతుక్కుంటూ వచ్చి, ఎప్పటినుంచి నిలబడ్డాడో, అంతా విన్నాడు. మళ్లీ కొడతాడని నేను పెద్దమ్మ వెనక్కి వెళ్లాను. ఆమె కదల్లేదు. "మనుషుల ముందట చెప్పింది చాలు మరిదీ. ఇప్పుడు ఆయనకు చెప్పు" అంది.

మా నాయన బండ మీద కూర్చున్నాడు. నేలను చూస్తూ అన్నాడు: "నాకు భయమైతున్నది ప్రభువా. జీతం చేతుల ఉన్నా భయమే. పిల్లను బడికి తోలి మళ్ల మాన్పియ్యాల్సొస్తె నా తోని కాదు. గందుకే తోలుతలేను."

నా కోపం చల్లారిందని చెప్పను. అది ఎవరి మీద పెట్టుకోవాలో మాత్రం తెలియకుండా పోయింది. పెద్దలకు భయం ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు.

"రేపటి భయం రేపు అడుగుదాం" అంది పెద్దమ్మ. "ఏ దినానిది ఆ దినం అడుగుమని ప్రభువే అన్నడు గద. ఈ దినం దీనికి బడి కావాలె."

బడి తెరిచిన రోజున మా నాయనే నన్ను తీసుకెళ్లి నాలుగో తరగతిలో కూర్చోబెట్టాడు. నా కన్నా చిన్నపిల్లల మధ్య, పొడుగ్గా, సిగ్గుతో, పళ్లు బిగించి కూర్చున్నాను. పగలు తమ్ముణ్ణి పెద్దమ్మ హాస్టల్ వంటింటి వరండాలో ఆడించేది. మా నాయన భయం ఆ వారంలోనో ఆ ఏడాదిలోనో పోలేదు, అన్నం రెండోసారి వడ్డించుకోవడానికి ఆయనకు ఇంకా చాలా ఏళ్లు పట్టింది. కాని సాయంత్రం ప్రార్థనలో స్తోత్రాల కన్నా ముందు ఆ రోజు తనను భయపెట్టినదాన్ని పేరు పెట్టి చెప్పేవాడు. కొన్నిసార్లు ప్రార్థన మొత్తం ఆ ఒక్క వాక్యమే. అది చెప్పిన రాత్రి ఇంట్లో ఎవరి మీదా అరిచేవాడు కాదు. గుడి పెద్ద ఆయన్ను మళ్లీ ఎన్నడూ సాక్ష్యం అడగలేదు.

నేను చదువుకున్నాను, ఉద్యోగం చేశాను, ఇప్పుడు పింఛను తీసుకుంటున్నాను. అయినా ఒక్కోసారి బియ్యం డబ్బా మూత తీసి, ఇంకా ఎన్ని రోజులకు వస్తాయో లెక్కపెట్టుకుంటాను. గుడిలో ఎవరైనా లేచి తమకు ఏ లోటూ లేదంటే ఈనాటికీ నా దవడలు బిగుసుకుంటాయి. నేను శాంతమూర్తిని కాలేదు, అవుతానన్న ఆశా లేదు. ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు వంటింట్లో నిలబడి, మా పెద్దమ్మ లాగే గొంతెత్తి, ఆయన్ను అడగాల్సినవి అడుగుతాను. అడిగి, అన్నం వండుకుంటాను. దేవుడితో ఇంకా పోట్లాడుతూనే ఉన్నాను. అబద్ధం మాత్రం ఆడను.